ఎదురింటివాళ్ళు పాడటం ఆపేసిన రోజు

ఆ పుస్తకాన్ని అలా బల్లకేసి కొట్టకు తల్లీ, టీ ఒలికిపోతుంది. చదివాను. చదవకుండా ఎందుకుంటాను? రాసినాయన మొదటి కాపీ నాకే పంపాడు.

పాపం, ఏళ్ళ తరబడి కూర్చుని రాశాడు. ఏ రోజు ఏ ఊళ్ళో వాయించాం, ఏ రోజు వానకి కచేరీ ఆగిపోయింది, ఏ పాట రికార్డింగప్పుడు ఎవరికి జ్వరం, ఒక్క రోజు వదల్లేదు. నా బతుకంతా పోగేసి, అచ్చేసి చేతిలో పెట్టినట్టుంది. అయినా చదువుతుంటే ఎవరో పరాయివాళ్ళ సంగతి చదివినట్టే అనిపించింది. అదేంటో మరి.

ఆయన్ని తప్పుపట్టనులే. అడగాల్సినవాళ్ళందర్నీ అడిగాడు. మేమే నోరు విప్పలేదు.

నువ్వు మడత పెట్టి తెచ్చిన పేజీ ఏదో నాకు తెలుసు. చదివి వినిపించక్కర్లేదు. చివరి పేజీయే కదా? "గాయకుడు తాగిన మైకంలో వేదిక దిగి వెళ్ళిపోయాడు. ఎదురింటివాళ్ళు బ్యాండు ప్రయాణం ఆ రోజుతో ముగిసింది." అదే కదా?

కూర్చో. ముందు ఆ బ్యాగు దించి కూర్చో. మీ నాన్న ఇంట్లో లేడు. మా డ్రమ్ములవాడు పిడుగు వాణ్ణి నడకకి తీసుకెళ్ళాడు. రోజూ సాయంత్రం ఎండ తగ్గాక తీసుకెళ్ళి, వీధి దీపాలు వెలిగేలోపు తెచ్చేస్తాడు. అవును, మీ నాన్న ఇక్కడే ఉంటాడు, నా దగ్గరే. నీకు తెలీదా? మీ అమ్మకి తెలుసు. చెప్పలేదంటే చెప్పలేదు, ఆవిడ కష్టం ఆవిడది.

ఏడేళ్ళ తర్వాత మేనత్త గుమ్మం తొక్కి, మొదటి మాటే "మా నాన్న నిజంగా తాగుబోతేనా" అని అడిగావు. అడుగు. అడగాల్సిందే. కానీ అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చమంటే నా వల్ల కాదు. మొదట్నుంచీ చెప్పనీ. మధ్యలోంచి మొదలుపెడితే నాకే తికమక.

మీ తాతయ్యకి లేతు మిషను ఉండేది గుర్తుందా? లేదులే, నువ్వు పుట్టకముందే పోయారు. ఇంటి వెనక రేకుల షెడ్డు. పగలు ఆయన ఇనుము తిప్పేవారు, సాయంత్రం అయ్యేసరికి మీ నాన్న గిటారు పట్టుకుని దూరేవాడు. వాడితో పాటు పిడుగు. పిడుగంటే అప్పుడు లాండ్రీ బట్టలు ఇళ్ళకి అందించే కుర్రాడు. మీ నాన్నతో కలిసి చదివాడు. చేతిలో రెండు పుల్లలుంటే చాలు, బకెట్టు, బల్ల, ఎదుటివాడి వీపు, ఏదైనా వాయించేసేవాడు. మూడోవాడు పళ్ళ డాక్టరు. డాక్టరేం కాదు, పళ్ళ కాలేజీలో చేరి రెండో ఏడు ఎగ్గొట్టినవాడు. వాడి వేళ్ళు గిటారు మీద ఎలా పరిగెత్తేవో, ఇప్పటికీ ఎవరూ అలా వాయించగా వినలేదు. మేం నవ్వితే చాలు, పళ్ళు చూసి వంక పెట్టేవాడు.

నేనా? నేను టెలిఫోను ఆఫీసులో పనిచేసేదాన్ని. బేస్ గిటారు వాయించేవాడు పరీక్షలని చెప్పి పారిపోయాడు. మీ నాన్న వచ్చి, "నాలుగు తీగలే కదే అక్కా, నీకూ వస్తుంది" అన్నాడు. ఆ మాటకి ఒళ్ళు మండి నేర్చుకున్నాను.

పేరు ఎలా వచ్చిందో ఆ పుస్తకంలో ఏదో గొప్పగా రాశాడు. సమాజం, పరాయితనం అనీ అదేదో. అదేం లేదు. ఎదురింటావిడ రోజూ పోలీసులకి ఫోను చేసేది. ఒకసారి కానిస్టేబులు వచ్చి, "ఎదురింటివాళ్ళ గోల అని కంప్లైంటు, ఎదురింటివాళ్ళు ఎవరు?" అని అడిగితే మీ తాతయ్య మా నలుగుర్నీ చూపించి "వీళ్ళేనండీ, తీసుకెళ్ళండి" అన్నారు. అంతే. మర్నాడే మీ నాన్న డ్రమ్ము మీద పెయింటుతో రాసేశాడు.

నవ్వావు. మీ నాన్న నవ్వే. సరేలే, విను.

తర్వాతదంతా పుస్తకంలో ఉన్నదే. చిన్న చిన్న హాళ్ళు, కాలేజీలు, హోటళ్ళు. పాత వ్యాను, దాని కిటికీ సగం దిగి ఆగిపోయేది. అందులో ఎవరి చోటు వాళ్ళది. కిటికీ పక్కన పళ్ళ డాక్టరు, లేకపోతే వాంతి. వెనక సామాన్ల మీద పిడుగు నిద్ర. మీ నాన్న డ్రైవరు పక్కన కూర్చుని దారంతా కబుర్లు చెప్పేవాడు, డ్రైవరుకి నిద్ర రాకూడదని.

చూసేవాళ్ళకి రోజుకి రెండు గంటలే బ్యాండు. మిగతా రోజంతా సామాన్లు మోయడమే కదా. దించు, మొయ్యి, బిగించు, సరిచూడు, విప్పు, మళ్ళీ మొయ్యి. మీ నాన్న ఎంత పేరొచ్చినా ఒక పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. కచేరీ అయ్యాక తన వైర్లు తనే చుట్టుకునేవాడు. ఒక చుట్ట పైనుంచి, ఒక చుట్ట కిందనుంచి, మెలిక పడకుండా. పక్క గదిలో మంత్రి ఎదురుచూస్తున్నాడన్నా సరే, "రెండు నిమిషాలండీ" అని మోకాళ్ళ మీద కూర్చుని చుట్టేవాడు.

ఆ తర్వాత మేం కట్టిన తలుపు పాట వచ్చింది. ఆ పాట ఎంత మోగిందో నీకు చెప్పక్కర్లేదు, నీ స్కూల్లో కూడా పాడేవాళ్ళు కదా. దాంతో సార్ వచ్చాడు. మేనేజరు. ఇంతవరకూ ఆయన్ని మేమెవరం పేరు పెట్టి పిలవలేదు. పెద్ద పెద్ద మైదానాలు, విమానాలు, వేదిక వెనక చల్లటి గదులు. రోజు మాత్రం అదే రోజు. పొద్దున్నే హోటలు, అదే రొట్టె, అదే గుడ్డు, అదే సంచీ. నిద్ర లేచి ఏ ఊళ్ళో ఉన్నామో తెలియక టేబుల్ మీద హోటలు కాగితం చూసుకునేవాళ్ళం. నేను చూసుకున్నాను, పిడుగు చూసుకున్నాడు.

అందుకే తల్లీ, మొదట్లో ఎవరికీ అనుమానం రాలేదు. మర్చిపోవడం మా వృత్తిలో మామూలు.

దేని గురించి అంటున్నానా? అక్కడికే వస్తున్నాను.

ఒక పెద్ద మైదానంలో, తలుపు పాట రెండో చరణంలో, మీ నాన్న మైకు తీసి జనం వైపు చాచాడు. జనం అందుకున్నారు. అంతమంది ఒక్క గొంతుతో. వాయిస్తున్న నాకే ఒళ్ళు జలదరించింది. మర్నాడు పేపర్లన్నీ అదే రాశాయి, పాటని జనం చేతుల్లో పెట్టిన గాయకుడు అని. సార్ అయితే పొంగిపోయాడు, ప్రతి కచేరీలో అలాగే చెయ్యమన్నాడు.

నేను వాడికి ఎడమపక్క నిలబడేదాన్ని కదా. వాడి కళ్ళు చూశాను. కొత్త వీధిలో ఇంటి నంబరు వెతుక్కుంటున్నవాడి చూపు. దిగాక అడిగాను, "ఏంట్రా, మాట పోయిందా?" అని. "అలిసిపోయానే" అన్నాడు. నమ్మాను. అందరం అలిసిపోయే ఉన్నాం.

కొన్నాళ్ళకి మళ్ళీ. ఈసారి వేరే పాట. నేను మైకుకి దూరంగా పెదాలు కదుపుతూ మాటలు అందించాను, వాడు నా నోరు చూసి పాడాడు. అక్కడ్నుంచి అదే అలవాటైంది. జనం ఏమనుకున్నారో తెలుసా? అక్కాతమ్ముళ్ళ అనుబంధం అనుకున్నారు. ఆ ఫోటో ఈ పుస్తకం అట్ట మీదే ఉంది చూడు. నేను పెదాలు కదుపుతుంటే వాడు నా వైపు చూసి నవ్వుతున్నట్టుంది. అది నవ్వు కాదు. తర్వాత ముక్క కోసం చూస్తున్నాడు.

పాట మాటలు పెద్ద అక్షరాలతో రాసి వేదిక నేల మీద అంటించడం కూడా చేశాను. అవి ఏ పాటవో తెలియక తడబడ్డాడు.

మీ నాన్న తాగుతున్నాడని పళ్ళ డాక్టరు అనుకున్నాడు. రిహార్సలప్పుడు మీ నాన్న వాణ్ణి "తర్వాత ఏ ఊరు?" అని అడిగాడు. చెప్పాడు. ఒక పాట అయ్యాక మళ్ళీ అడిగాడు. చెప్పాడు. మూడోసారి అడిగేసరికి గిటారు కింద పడేసి, "పొద్దున్నే ఎక్కించావా? నీ ఒక్కడి కోసం మేమందరం ఎంతకాలం కాపలా కాయాలి?" అని కాలరు పట్టుకున్నాడు. మీ నాన్న తిరగబడలేదు. చిన్నపిల్లాడిలా నా వైపు చూశాడు. నాకు ఆ చూపుతో భయం పట్టుకుంది.

ఆ హోటలు గొడవ నీకు తెలిసే ఉంటుంది, అదీ పేపర్లో వచ్చింది. వేరేవాళ్ళ గది తలుపు తీసుకుని వెళ్ళి మంచం మీద పడుకున్నాడు. ఆ గదిలో ఆవిడ కేకలు పెట్టింది. ప్రముఖ గాయకుడు మత్తులో వీరంగం అని రాశారు. తల్లీ, ఆ రోజు వాడు మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. వాడితో పాటే భోంచేశాను కాబట్టి చెప్తున్నాను.

కానీ నీకు అబద్ధం చెప్పను. తర్వాత తాగాడు. ఆ గొడవల తర్వాత మొదలైంది. తన బుర్రలో ఏదో జారిపోతోందని వాడికి మా అందరికంటే ముందే తెలుసు. చెప్పుకోవడానికి భయం. తాగి మర్చిపోతే దానికో కారణం ఉంటుంది కదా. జనం కూడా అలాగే అంటున్నారు, సరే అలాగే కానీ అనుకున్నాడేమో. ఎంత తాగాడో నాకు తెలీదు, ఎక్కువేం కాదు. కానీ వాసన వచ్చేది. మీ అమ్మకి ఆ వాసనే తగిలింది.

నీ స్కూలు రోజు... అవును, దాని గురించే అడుగుతావని నాకు తెలుసు.

నీకప్పుడు పన్నెండేళ్ళు. ఆటల పోటీ అయ్యాక తనే వచ్చి తీసుకెళ్తానన్నాడు. నువ్వు వాచ్‌మన్ పక్కన స్టూలు మీద చీకటి పడేదాకా కూర్చున్నావు. మీ నాన్న రాలేదు. ఇన్నాళ్ళూ నీకు తెలిసింది అదే కదా?

వచ్చాడు తల్లీ. టైముకే వచ్చాడు. స్కూలు గేటు ఎదురుగా, రోడ్డుకి అవతల కారు ఆపుకుని కూర్చున్నాడు. ఎందుకొచ్చాడో గుర్తు రాలేదు. చాలాసేపు ఆ గేటు వైపే చూస్తూ కూర్చున్నాడట. పిల్లలు బయటికొస్తున్నారు, వెళ్ళిపోతున్నారు. ఇదేదో నాకు సంబంధించిన చోటే అనిపిస్తోందే అక్కా, కానీ ఏంటో అందట్లేదు అన్నాడు నాతో. చివరికి కారు తిప్పుకుని నా దగ్గరికి వచ్చేశాడు. నేను తలుపు తీయగానే, "పాప ఎక్కడ?" అన్నాడు. నీ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మేం పరిగెత్తుకుని వచ్చేసరికి మీ అమ్మ నిన్ను తీసుకెళ్ళిపోయింది.

ఉండు. ఏడవాలనుంటే ఏడువు, నాకేం తొందర లేదు. నీళ్ళు ఇవ్వనా?

మీ అమ్మ అడిగితే వాడేమన్నాడో తెలుసా? "తాగి పడుకున్నాను" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. గేటు దాకా వచ్చి పిల్లని మర్చిపోయానని భార్యతో ఎలా చెప్తాడు? వాడికే అర్థం కాని సంగతది. తాగాననడం తేలిక.

మీ అమ్మ వెళ్ళిపోవడం తప్పని నేననను. ఏ ఆడదైనా ఏం చేస్తుంది? పిల్ల చీకట్లో వీధిలో కూర్చుంది. మొగుడు ఒట్టేసి మరీ తాగానంటున్నాడు. నేనైతే ఇంకా ముందే వెళ్ళిపోయేదాన్ని.

ఇప్పుడు నువ్వు మడిచి తెచ్చిన పేజీ.

ఆ రోజు వాడు చుక్క ముట్టలేదు. మీరు వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ మానేశాడు. నమ్మితే నమ్ము. పొద్దున్నుంచీ చాలా బావున్నాడు కూడా. వ్యానులో పిడుగుని ఆటపట్టించాడు. పళ్ళ డాక్టరుతో రాజీ పడ్డాడు, ఇద్దరూ ఒకే ప్లేట్లో తిన్నారు. నేను లోపల్లోపల మురిసిపోయాను, గండం గడిచింది, వీడికి విశ్రాంతి లేకే ఇదంతా అనుకున్నాను.

సగం కచేరీ బ్రహ్మాండంగా జరిగింది. ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలవ్వాలి. పిడుగు పుల్లలు కొట్టి లెక్క ఇచ్చాడు. మీ నాన్న అందుకోలేదు. వెనక్కి తిరిగి వాడి వైపు చూశాడు. మైకు నోటి దగ్గరే ఉంది. చాలా మర్యాదగా, ఎవరో పెద్దమనిషిని అడిగినట్టు, "మీరెవరండీ?" అన్నాడు.

మైదానమంతా వినపడింది. జనం గొల్లుమని నవ్వారు. పరిచయాల జోకు అనుకున్నారు.

పిడుగు ముఖం నేను చచ్చేదాకా మర్చిపోను. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే సైకిలు మీద బడికి వెళ్ళారు. వాడు తన పక్కనున్న మైకు దగ్గరికి వంగి, "నన్ను పిడుగంటారండీ, డ్రమ్ములు వాయిస్తాను" అన్నాడు. మళ్ళీ నవ్వులు, చప్పట్లు. మీ నాన్న తల ఊపాడు, "సంతోషమండీ" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నేను పెదాలతో పాట అందిస్తున్నాను. వాడు పాట కోసం చూడట్లేదు. నన్ను కూడా ఎవరా అని చూస్తున్నాడు.

అప్పుడేం చేశాడంటే, గిటారు భుజం మీంచి తీసి స్టాండుకి పెట్టాడు. వైరు పీకాడు. మోకాళ్ళ మీద కూర్చుని, అంతమంది ముందు, ఒక చుట్ట పైనుంచి, ఒక చుట్ట కిందనుంచి, తాపీగా చుట్టాడు. చుట్టి, ముడివేసి, జాగ్రత్తగా పక్కన పెట్టాడు. కచేరీ అయిపోయిందనుకున్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నడక తడబడలేదు. తూలలేదు. మనిషి నిటారుగా వెళ్ళాడు. అదీ "తాగిన మైకం."

తర్వాత డాక్టర్లు, పరీక్షలు. మా ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని ఒక లేడీ డాక్టరు అడిగింది. ఎవరికీ లేదండీ అన్నాను. మా నాన్న ఎలా పోయారని అడిగింది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మీ తాతయ్య చివర్లో పనిముట్లు నీళ్ళ బిందెలో పెట్టేవారు. వీధి చివర షాపుకి వెళ్ళి దారి తెలియక నిలబడిపోయేవారు. అమ్మ పోయిన బెంగ అనుకున్నాం. ఆయనకప్పుడు యాభై నిండలేదు. చెప్తుంటే ఆ డాక్టరు రాసుకోవడం ఆపేసి నా వైపు చూసింది. ఆ చూపుతోనే నాకు సగం అర్థమైంది.

ముసలితనంలో వచ్చే మతిమరుపు ఉంటుంది కదా, అదే జబ్బు కొందరికి నడివయసులోనే వస్తుందట. మందు లేదు. ముదురుతుందే తప్ప తగ్గదు.

సార్ వచ్చాడు. నిజం చెప్పేద్దామన్నాను. ఆయన, "తాగుడనే ఉండనీ అమ్మా. తాగాడంటే తిడతారు, తిట్టుకుంటూ పాటలు వింటారు. జబ్బంటే జాలిపడతారు. ఆ తర్వాత వినడం మానేస్తారు" అన్నాడు. చెప్పు తీసుకుని కొడదామనిపించింది. మీ నాన్న పక్క గదిలోంచి విన్నాడు. ఆ రోజు తెలివిగానే ఉన్నాడు. బయటికొచ్చి, "సార్ చెప్పింది నిజమే అక్కా" అన్నాడు.

అప్పుడే నా చేత ఒట్టు వేయించుకున్నాడు. మీ అమ్మకి చెప్పొద్దు, పాపకి అసలే చెప్పొద్దు అని. "కోపంగా ఉంటే కోపంగానే ఉండనీ. అది పాడుకుంటోంది, ఆడుకుంటోంది. నా పక్కన మంచం దగ్గర కూర్చోబెట్టకు" అన్నాడు. మీ అమ్మకి మాత్రం రెండేళ్ళ తర్వాత నేనే చెప్పాను, ఆగలేక. ఆవిడ ఫోన్లో, "పిల్లకి ఇరవై రానీ వదినా" అంది. అంతే. ఆవిడ లెక్క ఆవిడకుంది.

నాకూ కోపం వస్తుంది తల్లీ. ఒట్టు వేయించుకున్నవాడికి ఆ ఒట్టు గుర్తులేదు. నన్ను విడిపించమని ఎవర్ని అడగను? కొన్నాళ్ళు, వాడు బావున్నప్పుడల్లా, "ఒరేయ్, పాపకి చెప్పేయనా?" అని అడిగేదాన్ని. "ఏ పాప?" అనేవాడు. అడగడం మానేశాను.

ఇప్పుడెలా ఉన్నాడంటే ఏం చెప్పను? మెతక. గొడవ చెయ్యడు. నన్ను ఒక్కోసారి అమ్మా అంటాడు, ఒక్కోసారి మేడమ్ అంటాడు. ఫోన్లలో చూపిస్తారు చూడు, అన్నీ మర్చిపోయినవాళ్ళు పాట వినగానే లేచి పాడేస్తారని. అది చూసి నేనూ తలుపు పాట పెట్టాను. చెవులు మూసుకుని మూల నక్కాడు. మళ్ళీ పెట్టలేదు. ఎదురుగా మేడ మీద కుర్రాళ్ళు పెట్టుకుంటే కిటికీ మూసేస్తాను. ఒకసారి వెళ్ళి, కొంచెం తగ్గించండి బాబూ అని బతిమాలుకున్నాను కూడా. ఆ పాట మాదే అని వాళ్ళకి తెలీదు.

పళ్ళ డాక్టరు రాడు. కాలరు పట్టుకున్నది తల్చుకుని రాడు. డబ్బాలో బిస్కెట్లు పంపిస్తాడు, మెత్తగా ఉండేవి, పళ్ళకి మంచివట. పిడుగు ఒక్క రోజు మానడు. రోజూ వచ్చి తలుపు దగ్గర నిలబడి, "నన్ను పిడుగంటారండీ" అని చెప్పుకుంటాడు. "సంతోషమండీ" అంటాడు మీ నాన్న. ఇద్దరూ నడవడానికి వెళ్తారు.

ఆగు, బ్యాగు సర్దకు. వాళ్ళు వచ్చేలోపు ఇంకొకటి చెప్పాలి. నిజానికి నిన్ను కూర్చోబెట్టింది దానికే.

ఇది రక్తంలో వస్తుందట. మా ఇంట్లో వచ్చిన రకం అలాంటిదట. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి రావచ్చు, రాకపోవచ్చు. సగానికి సగం. మీ తాతయ్యకి ఉంది. మీ నాన్నకి వచ్చింది.

అవును. నీకూ. ఉండొచ్చు, లేకపోవచ్చు.

నా చెయ్యి పట్టుకో. పరవాలేదు, గట్టిగానే పట్టుకో.

తెలుసుకోవడానికి పరీక్ష ఉంది. చేయించుకోమని నేను చెప్పను, వద్దనీ చెప్పను. తెలిసినా చేసేదేం లేదని కొందరు అసలు చేయించుకోరట. ఆ డాక్టరు మంచి మనిషి, ముందు కూర్చోబెట్టి మాట్లాడుతుంది, తొందర పెట్టదు. కావాలంటే నేను వెంట వస్తాను. వద్దంటే ఈ మాట మళ్ళీ ఎత్తను. పెద్దదానివయ్యావు. నీకు తెలియకుండా నీ గురించి నేనూ, మీ అమ్మా, పిడుగూ మాట్లాడుకోవడం ఇంక బావుండదనిపించింది.

నేనా?

అడుగుతావనుకున్నాను.

చేయించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, పిడుక్కి కూడా. నాకు లేదన్నారు. రాదట, ఇంకెప్పటికీ రాదట. ఆ డాక్టరు నా భుజం మీద చెయ్యేసి మరీ చెప్పింది.

బయటికొచ్చాక కార్లు ఆపే చోట నిలబడి నవ్వాను తల్లీ. ఆపుకోలేక నవ్వాను. పక్కనున్నవాళ్ళు పిచ్చిదనుకుని ఉంటారు. అంత సంతోషం తలుపు పాట హిట్టయినప్పుడు కూడా లేదు. మీ నాన్నని డాక్టరుకి చూపించే పనిమీదే ముగ్గురం వచ్చాం, వాడు కారులో కూర్చున్నాడు. పిడుగు వాడికి బెల్టు పెడుతున్నాడు. అద్దంలోంచి నన్ను చూసి, ఎవరో నవ్వుతున్నారు కదా అని వాడూ నవ్వాడు.

సిగ్గుపడాలి కదా? పడదామని చూశాను. రాలేదు. ఇప్పటికీ పొద్దున్నే లేచి ఏ రోజో గుర్తొస్తే, సంతోషంగానే ఉంటుంది. నీ ముఖం చూస్తూ చెప్తున్నాను, అయినా ఉంది. ఏం చెయ్యమంటావ్.

వాడు ఇంట్లో చిన్నవాడు కదా. ఏది తెచ్చినా నన్ను పక్కకి జరిపి ముందు వాడికే పెట్టేవాళ్ళు. ఇదీ వాడికే పెట్టారు.